గుర్రాల కోసం కట్టిన విమానం

ఆ సెప్టెంబరులో మావి పదకొండు గుర్రాలు పోయాయి. పోయినట్టు తెలిసిన పొద్దున మా అన్న సగింతాయ్ మొట్టమొదట చేసిన పని, కాపరి ఒరాజ్ దవడ పగలగొట్టడం.

ఒరాజ్ అప్పుడు వంగి గుర్రప్పిల్లల్ని వరసతాడుకి కడుతున్నాడు. అన్న గుర్రం దిగను కూడా దిగలేదు. కొరడాని తిరగేసి పట్టుకుని, ఇనపతీగ చుట్టిన పిడితో పక్కనుంచి ఒక్కటిచ్చాడు. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. ఒరాజ్ ఉన్నచోటే కూలబడి, రెండు పళ్ళు అరచేతిలోకి ఉమ్ముకుని వాటివంక చూస్తూ ఉండిపోయాడు. యాభై నాలుగేళ్ళ మనిషి. పద్దెనిమిదేళ్ళుగా మా మంద వెంట తిరుగుతున్నవాడు. నేను పాలబిందెతో పది అడుగుల దూరంలో ఉన్నాను. బిందె కింద పెట్టడానికి కూడా నాకు చేతులు రాలేదు.

అన్న వాదన ఒకటే. మందను తూర్పు వాగు అవతలి గడ్డికి మార్చింది ముందురోజు మధ్యాహ్నం. ఆ సంగతి ఒరాజ్‌కి తెలుసు, ఇంట్లోవాళ్ళకి తెలుసు. ఇంట్లోవాళ్ళంటే అన్న, వదిన కుల్యాష్, నేను, ఆ సాయంత్రం మాతో కూచుని తిని వెళ్ళిన వదిన తమ్ముడు తొక్తార్. మాలో ఎవరూ దొంగలకి కబురు చెప్పరు. కాబట్టి చెప్పింది ఒరాజే. మా అన్న లెక్కలు ఎప్పుడూ అలాగే, తొందరగా తేలిపోయేవి.

వదిన తన తలగుడ్డ విప్పి ఒరాజ్ దవడ కట్టింది. ఆ పూట టీ తాగుతుండగా నేను అన్నతో, మనిషిని కొడితే గుర్రాలు తిరిగిరావని, పైనుంచి చూసే కన్ను ఒకటి కట్టిస్తానని అన్నాను. కరగంద పట్నంలో ఒక క్లబ్బులో ఇరవై ఏళ్ళు నేను పిల్లలకి విమానాల నమూనాలు కట్టడం నేర్పాను. ఆ క్లబ్బు భవనం అమ్మేశాక రెండు పెద్ద చెక్కపెట్టెలతో అన్న ఇంటికి వచ్చి చేరాను. మూడేళ్ళుగా ఆ పెట్టెలు ఉన్నిగదిలో గొర్రెతోళ్ళ కింద పడి ఉన్నాయి. వాటిలో ఏముందో అన్న ఎన్నడూ అడగలేదు.

"బొమ్మ కడతావా, రిస్తీ?" అన్నాడు.

"మూడు మీటర్ల రెక్క. పెట్రోలు ఇంజిన్. పొట్టకింద కెమెరా. జీపుని ఏ మిట్టమీద నిలిపినా చుట్టూ ఒకటిన్నర కిలోమీటరు మేర ఎలక దాక్కోడానికి చోటుండదు."

అన్న టీ ముగించి గిన్నె బోర్లించాడు. మూడోరోజు ఒక గుర్రాన్ని అమ్మేసి, ఇంజిన్‌కీ మిగతా సరంజామాకీ నన్ను బస్సెక్కించి అల్మాటీ పంపాడు.

*

పనంతా ఉన్నిగదిలోనే. పిలవకుండానే ఒరాజ్ వచ్చాడు. దవడ కట్టి ఉండడంతో మాట లేదు. మాంసం రసం రెల్లుగొట్టంతో పీల్చుకునేవాడు. మొదటిరోజు గుమ్మంలో నిలబడి చూశాడు. రెండోరోజు, నేను ఒంటిచేత్తో రెక్క పట్టుకోలేక అవస్థపడుతుంటే వచ్చి రెండో చివర పట్టుకున్నాడు. అంతే, ఆ నెలంతా వదల్లేదు.

పెట్టెల్లోంచి తీసిన పాత విమానం మొండెం బాగానే ఉంది. ఎడమరెక్కలో పక్కటెముకల్లా ఉండే చెక్కల్ని నాలుగింటిని ఎలుకలు కొరికేశాయి. బెండులా తేలికైన బాల్సాచెక్క అల్మాటీ నుంచి తెచ్చుకున్నాను కాబట్టి కొత్తవి కోసి జిగురుపెట్టాం. రెక్కమీద చిరిగిన ప్లాస్టిక్ పొర ఒలిచి, కొత్త పొర కప్పి, ఇస్త్రీపెట్టెతో వేడి చూపిస్తే అది డోలు చర్మంలా బిగిసింది. ఒరాజ్ వేలితో మీటి చూసి, తల ఊపాడు. రెండు రెక్కల్నీ ఒకే అల్యూమినియం గొట్టం మీదికి ఎక్కించి మొండేనికి బోల్టులు వేస్తే, విమానం గదిలో ఈ గోడనుంచి ఆ గోడదాకా వచ్చింది. తలుపులోంచి బయటికి తీయాలంటే మళ్ళీ విప్పాల్సిందే.

యాభై సీసీ ఇంజిన్. ముక్కుదగ్గర దళసరి చెక్కపలకకి నాలుగు ఉక్కు దిమ్మెల మీద బిగించాను. అది తిరిగేటప్పుడు పుట్టే వణుకు ఎంత గట్టి బోల్టునైనా విప్పేస్తుంది. అందుకని ప్రతి మరకీ ఒక్కో చుక్క జిగురు. ఇంజిన్‌కి నిప్పురవ్వ పుట్టించే పెట్టెనీ దాని బ్యాటరీనీ ముందుభాగంలో, నా చేతిలో ఉన్న రిమోట్ మాట వినే రిసీవర్‌ని బాగా వెనకాల పెట్టాను. దగ్గరదగ్గర పెడితే మొదటిది రెండోదాని చెవులు పాడుచేస్తుంది. పెట్రోలు డబ్బాలో రబ్బరుగొట్టం, గొట్టం చివర చిన్న ఇత్తడిగుండు. విమానం ఎలా దొర్లినా గుండు పెట్రోలు ఉన్నవైపుకే జారుతుంది, ఇంజిన్‌కి దాహం వేయదు. ఇది చూపించినప్పుడు ఒరాజ్ డబ్బాని చెవిదగ్గర పెట్టుకుని చాలాసేపు ఆడించాడు.

తోకకి రెండు, రెక్కలకి నాలుగు చిన్న మోటార్లు. అవి విమానాన్ని మళ్ళించే పలకల్ని కదపడానికి ఉక్కుకడ్డీలు. అన్నిటికంటే ఎక్కువ పొద్దు పట్టింది ఒక మీటకి. రిమోట్ మీద ఎడమ చూపుడువేలు ఆనేచోట ఉంటుంది. వెనక్కి లాగితే నిప్పురవ్వ ఆగి ఇంజిన్ అక్కడికక్కడ చచ్చిపోతుంది. క్లబ్బులో నేను పిల్లలకి మొదట నేర్పింది అదే. అది లేని విమానాన్ని గడప దాటనిచ్చేదాన్ని కాదు.

ఆఖరున తూకం. రెక్క వెడల్పులో మూడోవంతు దగ్గర నేనొకవైపు, ఒరాజ్ ఒకవైపు వేలికొనల మీద లేపితే తోక దిగిపోయింది. అన్న వేటసంచిలోంచి సీసపుగుళ్ళు నాలుగు గుప్పిళ్ళు తెచ్చి, గుడ్డలో మూటకట్టి ముక్కులో కట్టాం. ఈసారి విమానం మా వేళ్ళమీద నిశ్చలంగా నిలిచింది. ఒరాజ్ దవడ కట్టులోంచే ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అనలేదు.

*

ఇంజిన్‌ని మొదటిసారి తిప్పిన రోజు గుర్రాలు కట్టే గుంజకి విమానం తోకని రెండు పేటల తాడుతో కట్టాను. తోలు తొడుగు వేసుకుని, ముక్కున ఉన్న పంకాని చేత్తో విసిరాను. ఐదోసారి ఒక దగ్గు దగ్గింది. మూడుసార్లు ఇంకా విసిరితే అందుకుంది. గొర్రెలు దొడ్డి అవతలికి దూకాయి. గుర్రప్పిల్ల ఒకటి తాడు తెంచుకుంది. కట్టెతో చేసిన ఆ పంకా, అరవై సెంటీమీటర్లకి కాస్త తక్కువ, తిరిగేటప్పుడు కంటికి కనపడదు, దుమ్ము పట్టిన అద్దంలా ఉంటుంది.

వెనకనే నిలబడమని అన్నకి చెప్పాను. నిలబడ్డాడు కూడా. కానీ ఇంజిన్ పక్కనుంచి ఒక చుక్క పెట్రోలు కారడం చూసి, "అదిగో, కారుతోంది," అంటూ వేలు చాపాడు.

పాతగుడ్డ చించినట్టు చప్పుడు. నా మొహం మీద వెచ్చగా పడింది. మీట లాగాను, ఇంజిన్ ఆగింది. అన్న కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు ఎముక కనిపించేదాకా తెగాయి. ఒకదానికి కొన లేదు. కుక్క గడ్డిలో వాసన చూస్తూ తిరుగుతుంటే ఒరాజ్ దాన్ని రాయిపెట్టి కొట్టి తరిమాడు.

వదిన జీనులు కుట్టే సూదిని నిప్పులో కాల్చి తెచ్చి, చేతిని బల్లమీద పెట్టించి కుట్టింది. అన్న అరవలేదు. అంతసేపూ కిటికీలోంచి విమానంవైపే చూశాడు. కుట్లయ్యాక రక్తంగుడ్డతోనే బయటికి వెళ్ళి పంకాని ఎడమచేత్తో నిమిరాడు.

"దీనికి గీత కూడా పడలేదు," అన్నాడు. ఆ గొంతులో మెప్పు ఉంది. ఆ రోజునుంచి మా అన్నకి ఆ యంత్రమంటే ఇష్టం పుట్టింది. నాకు మాత్రం అప్పుడే దాన్ని విప్పి మళ్ళీ పెట్టెల్లో పెట్టేయాలనిపించింది. పెట్టలేదు. ఇరవై ఏళ్ళలో అంత బాగా కుదిరిన విమానం నా చేతుల్లోంచి ఇంకోటి రాలేదు.

అక్టోబరు రెండో వారంలో అది ఎగిరింది. ఒరాజ్ జీపు నడిపాడు. గడ్డి కొట్టేసిన చదునైన మిట్టమీద ముప్ఫై అడుగులు పరుగెత్తి, తేలిగ్గా, అలవాటున్న పక్షిలా లేచింది. తప్పిపోయిన మూడు గుర్రప్పిల్లల్ని ఆ వారంలోనే కనిపెట్టింది. అన్న ఊరందరికీ చెప్పుకున్నాడు.

తొక్తార్ చూడటానికి వచ్చాడు. ముప్ఫై రెండేళ్ళవాడు, అందగాడు, ఎక్కడ కూచుంటే అక్కడ నవ్వులు. వదినకి పదేళ్ళప్పుడు తల్లి పోతే వీపుమీద మోసి పెంచిన తమ్ముడు. విమానం చుట్టూ తిరిగి, దాని ముక్కుకి దండం పెట్టాడు.

"రిస్తీ అక్కా, దీనికి గడ్డి వేస్తారా, దాణా వేస్తారా? బావని కరిచిందటగా."

"నిన్ను కూడా కరుస్తుంది, దూరంగా ఉండు," అన్నాను నేనూ నవ్వుతూ.

ఎంతదూరం చూస్తుందని అడిగాడు. చెప్పాను. వాగు దాటి చూడగలదా అని అడిగాడు. జీపు ఇవతలి మిట్టమీదే ఆగితే కష్టమని చెప్పాను. ఒరాజ్ వాపు మొహాన్ని చూసి, "ఈయనకి మా బావ నోటికి తాళం వేశాడు, తాళంచెవి ఎక్కడో పారేశాడు," అన్నాడు. అందరం నవ్వాం. ఒరాజ్ నవ్వలేడు కాబట్టి నవ్వలేదనుకున్నాను.

మర్నాడు పొద్దున మందలో ఏడు గుర్రాలు లేవు.

*

ఆ పూట జీపుని వాగులోకి దింపి, రాళ్ళమీదుగా అవతలి గట్టు ఎక్కించమన్నాను. ఒరాజ్ ఎలాగో ఎక్కించాడు. నలభై నిమిషాలు విమానం తిప్పి, దించి, కెమెరాలో కార్డు జేబులో వేసుకుని ఇంటికి వచ్చాను. అన్న ఇంకో దిక్కున వెతుకుతున్నాడు. వదిన టీ పట్టుకొచ్చి నా పక్కన కూచుంది. కంప్యూటర్ తెరిచాం.

చాలాసేపు ఒట్టి గడ్డి. తర్వాత ఒక పల్లం. పల్లంలో ఒక పాత లారీ. దాని చుట్టూ పల్లంలో నిలిచిన తొలిమంచు ఎర్రగా ఉంది. నాలుగు గుర్రాలు తోలు ఒలిచి పడి ఉన్నాయి, ఐదోది కాళ్ళు కట్టేసి ఉంది, ఇంకా తల ఎత్తుతోంది. ఇద్దరు మనుషులు గొడ్డళ్ళతో ఉన్నారు. మూడోవాడు గుర్రం మీద కూచుని పైకి చూశాడు. నక్కతోలు టోపీ తీసి, విమానానికి సలాం చేస్తున్నట్టు ఒకసారి ఊపాడు.

"ఆ టోపీ నేను కుట్టిందే," అంది వదిన.

ఆమె చెయ్యి చాపి కంప్యూటర్ మూత దించింది. తన భర్త ఎలాంటివాడో తను చెప్పక్కర్లేదని, వాణ్ణి కనిపించినచోటే చంపుతాడని, తను వెళ్ళి తమ్ముడి కాళ్ళు పట్టుకునైనా ఇటు రాకుండా చేస్తానని చెప్పింది. గొంతు పెంచలేదు. ఏడవలేదు. చెబుతున్నంతసేపూ నా మోకాలిమీద చెయ్యి వేసి నొక్కుతూనే ఉంది. మూడేళ్ళుగా ఆ ఇంట్లో నాకు పక్కా, గిన్నే, మర్యాదా ఇచ్చింది వదినే. సరేనన్నాను.

చలికి కెమెరా బిగుసుకుపోయి ఏమీ పడలేదని అన్నతో చెప్పాను.

అబద్ధం ఎవరికి తగులుతుందో నేను ఆలోచించలేదు. అన్న ఆలోచించాడు. నేను కాక ఆ విమానాన్ని ముట్టుకునేది ఎవరు? ఒరాజ్. కెమెరా పాడుచేసింది ఎవరు? ఒరాజే. అన్న అతన్ని ఉన్నిగదిలోంచి కాలర్ పట్టి ఈడ్చుకొచ్చి, గుర్రాలు కట్టే గుంజకి చేతులు కట్టి, చొక్కా చించి, కొరడా ఎత్తాడు. కుట్లు పడిన కుడిచెయ్యి పనికిరాక ఎడమచేత్తో కొట్టాడు. అందుకే దెబ్బలు ఎక్కడ పడాలో అక్కడ పడలేదు. వీపు మీద, మెడ మీద, చెవి మీద. ఒకటి కంటి మీద పడింది.

వదినా నేనూ వాకిట్లో నిలబడి ఉన్నాం. నేను అడుగు వేయబోతే ఆమె నా చేతిని పట్టుకుంది. బలంగా ఏం పట్టుకోలేదు. విడిపించుకోవాలనుకుంటే విడిపించుకోగలను. విడిపించుకోలేదు.

ఒరాజ్ ఎడమకన్ను పోయింది. ఆస్పత్రిలో గుర్రం తన్నిందని తనే చెప్పాడు. ఎనిమిదిరోజులకి తిరిగివచ్చి, ఉన్నిగదికి వచ్చి, రెక్క బోల్టులు ఒక్కొక్కటే చేత్తో తడుముతూ బిగించడం మొదలుపెట్టాడు. నేను పక్కన నిలబడి క్షమించమని అడుగుదామనుకున్నాను. దేనికి అని అడిగితే చెప్పాలి. చెప్పకుండా ఇవతలికి వచ్చేశాను.

వదిన తమ్ముడి దగ్గరికి వెళ్ళివచ్చింది. ఒట్టు పెట్టాడని చెప్పింది.

*

నవంబరు మూడోవారంలో తొక్తార్ మళ్ళీ మా ఇంటికి వచ్చాడు. గొర్రెతల ఉడికించి ముందు పెట్టాం. ఆ తల చెవులు కోసి, మర్యాదగా అన్న వాడికి ఇచ్చాడు. వాడు వాగులో పడ్డ ఒక డ్రైవర్ కథ చెప్పి అన్న కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వించాడు. మాటల మధ్యలో, మంద ఇప్పుడు ఏ వైపు ఉందని అడిగాడు. అన్న చెప్పాడు. వదిన చేతిలో గరిటె ఆగింది. నేను ఆమెవంక చూశాను, ఆమె నావంక చూడలేదు.

వెళ్ళేటప్పుడు వాకిట్లో ఒరాజ్ వాడి గుర్రం పట్టుకుని నిలబడ్డాడు. తొక్తార్ ఎక్కి కూచుని వంగి, ఒరాజ్ కట్టుకన్ను చూసి, "మొన్న నోరు, ఇప్పుడు కన్ను. ఇలా ఒక్కొక్కటీ ఇచ్చేస్తే చివరికి నీకేం మిగుల్తుంది బాబాయ్," అన్నాడు. భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఎవరివల్ల పోయిందో వాడికి తెలుసు. వదిన చెప్పింది వాడికి.

నేను లోపలికి వెళ్ళి, కంప్యూటర్ తెచ్చి అన్న ముందు తెరిచాను.

అన్న మొదటినుంచి చివరిదాకా చూశాడు. మళ్ళీ చూశాడు. వదిన గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఆమెని ఏమైనా చేస్తాడేమోనని నేను మధ్యలో కూచున్నాను. ఏమీ చేయలేదు. గుంజ దగ్గరికి వెళ్ళి, ఒరాజ్ ముందు కాసేపు తల వంచుకు నిలబడి, తిరిగివచ్చాడు.

"వాడు తిని వెళ్ళిన మర్నాడే ప్రతిసారీ పోయాయి," అన్నాడు. "రేపు తెల్లారేసరికి టాంకు నింపి ఉంచు."

వాణ్ణి పట్టుకుని పోలీసులకి ఇద్దామని అన్నాను. అలాగే అన్నాడు. తుపాకీ మాత్రం జీపులో పెట్టాడు.

*

తెల్లవారాక వాగు ఇవతలి మిట్టమీద ఆగాం, అన్నా నేనూ ఇద్దరమే. నేల గడ్డకట్టి ఉంది. మీట లాగి చూశాను, ఇంజిన్ ఠక్కున ఆగింది. మళ్ళీ తిప్పి ఎగరేశాను. పావుగంటకే అవతలిగట్టున కనిపించారు. ఇద్దరు మమ్మల్ని చూసి లారీ ఎక్కి పారిపోయారు. తొక్తార్ గుర్రం మీద ఉన్నాడు, వెనకాల మా ఆడగుర్రాలు రెండు తాడుకి కట్టి ఉన్నాయి. వాగులో జీపు దిగే చోటు రెండు కిలోమీటర్లు కింద. అన్న రెండుసార్లు కాల్చాడు, గుళ్ళు దరిదాపుల్లోకి కూడా పోలేదు. వాడు వెనక్కి తిరిగి నవ్వాడో లేదో అంతదూరం నుంచి నాకు తెలియదు. నవ్వినట్టే అనిపించింది.

"మళ్ళించు వాణ్ణి," అన్నాడు అన్న.

విమానాన్ని వాడి ముందునుంచి దింపాను. గుర్రం బెదిరి పక్కకి దూకింది. వాడు తాడు వదిలేశాడు. మా ఆడగుర్రాలు రెండూ విడిపోయి ఇటువైపు పరుగెత్తాయి. అక్కడితో పని అయిపోయింది. గుర్రాలు మావి మాకు వచ్చాయి, వాడెవడో మాకు తెలుసు, వాడి ఇల్లు ఎక్కడో తెలుసు.

రెండోసారి ఇంకా కిందికి దింపాను. వాడు జీనుమీద లేచి కొరడాతో విమానాన్ని కొట్టబోయాడు.

కొట్టమని అన్న అనలేదు. విమానాన్ని పెద్ద చుట్టు తిప్పి, సూర్యుడి వైపునుంచి తెచ్చాను. వాడి ఎత్తుకి దించాను. ఇంజిన్ పూర్తి వేగంలో ఉంది. ఎడమ చూపుడువేలు మీట మీదే ఉంది. లాగడానికి కావలసినంత వ్యవధి ఉంది. లాగలేదు.

పన్నెండు కిలోల బరువు. చప్పుడు మాదాకా రావడానికి ఒక క్షణం పట్టింది.

వాగు దిగి, ఎక్కి, నడిచి చేరేసరికి అరగంట. గుర్రం కాలు విరిగి లేవలేక కొట్టుకుంటోంది. అన్న ముందు దాన్ని కాల్చాడు. తొక్తార్ వెల్లకిలా పడి ఉన్నాడు. పంకా మెడకీ భుజానికీ మధ్య దిగింది. అక్కణ్ణుంచి ఛాతీదాకా ఏం మిగల్లేదు. నెత్తురు మంచులో గుంటలు చేసుకుంటూ ఇంకా ఆవిరి కక్కుతోంది. మొహం మాత్రం చెక్కుచెదరలేదు, కళ్ళు తెరిచే ఉన్నాయి. విరిగిన రెక్క వాడి కాళ్ళమీద పడి ఉంటే నేను వంగి తీసి పక్కన పెట్టాను. ఇంకేం చేయాలో తోచలేదు.

వాడి టోపీ వెతికి తెచ్చి అన్న ఆ మొహం మీద కప్పాడు. మంచులో కూచున్నాడు. "రిమోట్ నా చేతిలో ఉందని చెప్తాను. నువ్వు నోరు విప్పకు," అన్నాడు.

"నీకు దాన్ని ఎగరేయడం రాదు."

"ఎవరికి తెలుసు? నేను కొట్టేవాణ్ణని అందరికీ తెలుసు. నమ్ముతారు."

చిన్నప్పటినుంచి మా అన్న నాకోసం చేసిన మంచిపని నాకు గుర్తున్నంతవరకు అదొక్కటే.

*

నమ్మారు. తొక్తార్ తండ్రి, చచ్చిన కొడుకు పేరు పక్కన దొంగ అని రాయించుకోవడానికి ఇష్టపడలేదు. రెండు ఇళ్ళ పెద్దలూ కూచుని, గుర్రం మీదనుంచి పడ్డాడని ఒకే మాట అనుకున్నారు. వచ్చిన పోలీసులు అదే రాసుకుని వెళ్ళారు. పోయిన ప్రాణానికి పరిహారంగా అన్న మందలో సగం ఆ ఇంటికి తోలాడు. బేరం ఆడలేదు.

ఒరాజ్ ఆ వారంలోనే వెళ్ళిపోయాడు. అన్న ఒక గుర్రం ఇవ్వబోతే వద్దన్నాడు. తన జీను భుజాన వేసుకుని కాలినడకన రోడ్డుదాకా వెళ్ళాడు. నేను కొంతదూరం వెంట వెళ్ళాను. ఆగి, "మీరు బాగా కట్టారమ్మా దాన్ని," అన్నాడు. దవడ సరిగ్గా అతకలేదు, మాట నత్తిగా వచ్చింది. కెమెరా ఆ రోజు పాడవలేదని అతనికి అప్పటికే తెలుసో తెలియదో నేను అడగలేదు.

వదిన నలభైరోజుల తంతు అయ్యేదాకా పుట్టింట్లో ఉండి, జనవరి మొదట్లో తిరిగి వచ్చింది. రాదనుకున్నాం. వచ్చి కొట్టుగది తాళంచెవులు అడిగి తీసుకుంది. చలికాలం మాంసం కోసం గుర్రాన్ని కోసే రోజులు. మొదటిరోజు సాయంత్రం నేను పిండి కలుపుతుంటే, పొడుగాటి రొట్టెకర్ర పట్టుకుని బల్ల అవతల నిలబడింది.

"ఎవరి చేతిలో ఉందది?" అంది.

గుమ్మంలో ఉన్న అన్న, చెప్పాను కదా, నా చేతిలోనే అన్నాడు. ఆమె అతనివైపు తిరగలేదు.

"నిన్ను కాదు అడిగింది."

నేను చేతులకి అంటిన పిండి బల్లమీదే రాల్చాను. "నా చేతిలోనే వదినా."

"ఆపగలిగేదానివేనా?"

"ఆపగలిగేదాన్నే."

ఆమె తల ఊపింది. నేను కుడిచెయ్యి బల్లమీదనుంచి తీయలేదు. మొదటి దెబ్బకి పిండి లేచి మా ఇద్దరి మొహాల మీదా పడింది. రెండోదానికి మణికట్టులో ఎముక పలికింది. అన్న రెండడుగులు ముందుకు వేశాడు. వద్దన్నాను. మూడోది కూడా కొట్టి, కర్ర పక్కన పెట్టి, ఆయాసపడుతూ నిలబడింది. అంతవరకూ తమ్ముడికోసం ఎవరి ముందూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతిమీద పోసింది.

అన్న వెళ్ళి ఎముకలు కట్టే ముసలామెని జీపులో తీసుకొచ్చాడు. మణికట్టు రెండుచోట్ల విరిగిందని, సరిగ్గా తిరగదని చెప్పిందామె. తిరగలేదు కూడా.

కుడిచెయ్యి పలకల మధ్య ఉన్నంతకాలం వదిన నా పక్కనే కూచునేది. నా మాంసం తనే చిన్నచిన్న ముక్కలు కోసి, వేళ్ళతో తీసి నా నోట్లో పెట్టేది. అన్న ఎదురుగా తలవంచుకుని తినేవాడు. ఆ చలికాలమంతా మా ఇంట్లో ముగ్గురం, మాంసం నమిలే చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

ఫిబ్రవరి చివర ముసలామె వచ్చి కట్టు విప్పి వెళ్ళింది. ఆ మధ్యాహ్నం వదిన ముగ్గురికీ పళ్ళెం పెట్టింది. తన ముక్కలు తను కోసుకుంది. కత్తిని గుడ్డతో తుడిచి, పిడి నావైపు తిప్పి నా ముందు పెట్టింది.

"ఇక నువ్వే కోసుకో," అంది.

ఎడమచేత్తో పట్టుకుని, వంకరటింకరగా కోసుకున్నాను.